మనవల కోసం సొరంగం

వాళ్లు వెతికేది కంటికి కనిపించదు. దొరికినా క్షణంలో కోట్ల కోట్ల వంతు కూడా నిలవదు. దానికోసం భూమి కింద ఊళ్లకు ఊళ్లు దాటే సొరంగాలు తవ్వుతారు. అంతరిక్షం కన్నా చల్లటి యంత్రాలు పెడతారు. ముప్ఫై నలభై ఏళ్లు కాచుకుని కూర్చుంటారు. తీరా ఫలితం చేతికొచ్చేనాటికి మొదలుపెట్టినవాళ్లలో కొందరు ఉండనే ఉండరు. అయినా ఇప్పుడు ఇంకో సొరంగానికి గీతలు గీస్తున్నారు... ఈసారి మూడురెట్లు పెద్దది!

1964. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో పీటర్ హిగ్స్ అనే 35 ఏళ్ల అధ్యాపకుడు చిన్న పరిశోధన పత్రం ఒకటి రాసి, అచ్చువేయమని ఓ విజ్ఞాన పత్రికకు పంపారు. పనికిరాదంటూ తిరిగొచ్చింది. ఆ పత్రిక సంపాదకులు పనిచేసేది జెనీవా పక్కనున్న సెర్న్ పరిశోధనశాలలో. హిగ్స్ నొచ్చుకున్నారు కానీ వదిలేయలేదు. చివర్లో కొన్ని మాటలు చేర్చి, ఈసారి అమెరికా పత్రికకు పంపారు. అచ్చయింది. కొత్తగా చేర్చిన ఆ మాటల్లోనే ఉంది అసలు సంగతి. తన లెక్క నిజమైతే ప్రకృతిలో ఇప్పటిదాకా ఎవరూ చూడని కణం ఒకటి ఉండి తీరాలి!

అదే ఏడాది, ఆయనకన్నా కొన్ని వారాల ముందే, బెల్జియంలో రాబర్ట్ బ్రౌట్, ఫ్రాన్స్వా ఆంగ్లేర్ అనే ఇద్దరు కూడా ఇదే ఆలోచనకు వచ్చారు. వీళ్ల సంగతి హిగ్స్‌కు తెలియదు. హిగ్స్ సంగతి వీళ్లకు తెలియదు.

ఇంతకీ ఏమిటా లెక్క? పొలం గట్టుమీద ఎవరైనా చకచకా నడిచేస్తారు. అదే దమ్ము చేసిన మడిలోకి దిగితే? నీటిపురుగు పైపైన జారిపోతుంది. కొంగ సుతారంగా అడుగులేస్తుంది. మనిషి దిగితే మాత్రం కాలు పీకి కాలు వెయ్యడమే కష్టం. బురద ఒకటే, కానీ ఒక్కొక్కరికి ఒక్కోలా అంటుకుంటుంది. విశ్వమంతా అలాంటి కనిపించని క్షేత్రం ఒకటి పరుచుకుని ఉందనీ, మూలకణాలు దానితో ఎంతగా ముడిపడితే వాటికి అంత ద్రవ్యరాశి వస్తుందనీ ఆ లెక్క సారాంశం. కాంతి కణానికి అది అంటనే అంటదు. అందుకే దానికి ద్రవ్యరాశి లేదు. (బురద నడకను ఆపుతుంది, ఈ క్షేత్రం ఆపదు. పోలిక అంతవరకే!) ఎలక్ట్రాన్‌కు ద్రవ్యరాశి లేకపోతే పరమాణువు లేదు. పరమాణువు లేకపోతే నీళ్లు లేవు, చెట్టు లేదు, ఈ కాగితమూ లేదు.

ఆ క్షేత్రం ఉందనడానికి సాక్ష్యం హిగ్స్ బోసాన్ అనే కణం. అందులో బోసాన్ అన్న మాట మన సత్యేంద్రనాథ్ బోస్ పేరుమీదుగా వచ్చింది.

కాగితం మీద లెక్క తేలడానికి ఒక వేసవి పట్టింది. అది నిజమని రుజువు కావడానికి 48 ఏళ్లు పట్టింది.

2012 జులై 4న ఆ రుజువు దొరికిందని చెప్పింది ఎవరో కాదు... సెర్నే. సమావేశ మందిరంలో చోటు కోసం కుర్రవాళ్లు ముందురోజు రాత్రే తలుపుల దగ్గర పడుకున్నారు. 83 ఏళ్ల హిగ్స్, 79 ఏళ్ల ఆంగ్లేర్ జీవితంలో మొదటిసారి ఒకరినొకరు కలుసుకుంది ఆరోజే. ప్రకటన వినగానే హిగ్స్ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్న దృశ్యం ప్రపంచమంతా చూసింది. బ్రౌట్ మాత్రం లేరు. అంతకు ముందు ఏడాదే కన్నుమూశారు. 2013లో హిగ్స్, ఆంగ్లేర్‌లకు నోబెల్ వచ్చింది. మరణించినవారికి నోబెల్ ఇవ్వరు.

కొబ్బరికాయ కొడితే పనసపండు!

కంటికి కనిపించని కణాన్ని చూడ్డానికి 27 కిలోమీటర్ల యంత్రం ఎందుకు? ఈ అనుమానం అందరికీ వచ్చేదే.

కొబ్బరికాయలో ఏముందో తెలియాలంటే పగలగొట్టాలి. పరమాణువు కథా అంతే. కాకపోతే ఇక్కడ ఓ విచిత్రం ఉంది. రెండు కొబ్బరికాయల్ని బలంగా ఢీకొట్టిస్తే ముక్కల మధ్యలోంచి ఓ పనసపండు ఊడిపడుతుంది! శక్తి పదార్థంగా మారగలదని ఐన్‌స్టీన్ ఎప్పుడో చెప్పారు. రెండు ప్రోటాన్లు ఢీకొన్నచోట పోగయ్యే శక్తిలోంచి వాటికన్నా ఎన్నోరెట్లు బరువైన కణాలు పుడతాయి. హిగ్స్ కణం ప్రోటాన్ కన్నా సుమారు 133 రెట్లు బరువు. ఎంత బరువైన కణం కావాలంటే అంత గట్టిగా కొట్టాలి. అంత గట్టిగా కొట్టాలంటే అంత వేగం కావాలి. ఆ వేగంతో దూసుకుపోయేవాటిని గుండ్రంగా తిప్పాలంటే మలుపు ఎంత వాలుగా ఉంటే అంత మంచిది. హైవే మీద బస్సు మలుపు తిరగడానికీ, సందులో సైకిల్ మలుపు తిరగడానికీ ఉన్న తేడా ఇదే. అందుకే అంత పెద్ద వలయం.

ఆ వలయం పేరే లార్జ్ హాడ్రన్ కొలైడర్... ఎల్‌హెచ్‌సీ. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దులో భూమికి సుమారు వంద మీటర్ల లోతున ఉంటుంది. అందులో ప్రోటాన్లు దాదాపు కాంతివేగంతో సెకనుకు 11,245 చుట్లు తిరుగుతాయి. వాటిని దారిలో వంచడానికి ఒక్కోటి 15 మీటర్ల పొడవున్న 1,232 విద్యుదయస్కాంతాలు. అవి పనిచేయాలంటే మైనస్ 271 డిగ్రీల చలి కావాలి. ఆ చలిని ద్రవ హీలియంతో తెప్పిస్తారు. ఢీకొన్నచోట ఏం పుట్టిందో చూసే అట్లాస్, సీఎంఎస్ అనే పరికరాలు ఒక్కోటి పెద్ద మేడంత ఉంటాయి. అట్లాస్ పొడవు 46 మీటర్లు. సీఎంఎస్ బరువు 14 వేల టన్నులు. సెకనుకు వంద కోట్లదాకా ఢీలు. వంద కోట్లలో సుమారు ఒక్కదాంట్లో హిగ్స్ కణం పుడుతుంది. పుట్టీపుట్టగానే మాయమవుతుంది. మిగిలిన తునకల్ని బట్టి అది వచ్చి వెళ్లిందని పోల్చుకోవాలి. దొంగ పారిపోయాక అడుగుజాడలు చూసి ఎవరో చెప్పడంలాంటిదన్నమాట!

ఇంతటి యంత్రం ఎంత సుకుమారమో వింటే నవ్వొస్తుంది. ఇదే సొరంగంలో 1989 నుంచి 2000 దాకా లెప్ అనే యంత్రం నడిచింది. చంద్రుడి ఆకర్షణకు సముద్రం పొంగినట్టే నేల కూడా ఓ రవ్వ సాగుతుంది. దాంతో 27 కిలోమీటర్ల వలయం చుట్టుకొలత ఒక మిల్లీమీటరు మారేది. అంతమాత్రానికే లెక్కల్లో తేడా వచ్చేది. ఇంకో తేడా ఎక్కణ్నుంచి వస్తోందో చాలాకాలం అంతుపట్టలేదు. జెనీవా నుంచి పారిస్ వెళ్లే రైలు పట్టాల కరెంటు భూమిలోకి పాకి యంత్రాన్ని తాకుతోందని చివరికి తేలింది. 2016లో ముంగిసలాంటి చిన్న జంతువొకటి ట్రాన్స్‌ఫార్మర్‌ను కొరికి, పాపం తనూ చచ్చిపోయి, ఎల్‌హెచ్‌సీని కొన్ని రోజులు ఆపేసింది.

తొమ్మిది రోజుల ముచ్చట

2008 సెప్టెంబరు 10 చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆరోజు ఎల్‌హెచ్‌సీలో తొలిసారి ప్రోటాన్లను తిప్పారు. అందులోంచి కృష్ణబిలం పుట్టి భూమిని మింగేస్తుందంటూ మన దేశంలోనూ కొన్ని టీవీ ఛానెళ్లు ఊదరగొట్టాయి. విశ్వంలోంచి వచ్చే కిరణాలు అంతకన్నా ఎక్కువ శక్తితో కోట్ల ఏళ్లుగా భూమిని కొడుతూనే ఉన్నాయనీ, ఏమీ కాలేదనీ శాస్త్రజ్ఞులు చెబుతున్నా వినేదెవరు?

ప్రపంచం అంతం కాలేదు. కానీ తొమ్మిదో రోజున యంత్రానికే గండం వచ్చింది. రెండు అయస్కాంతాల మధ్య కరెంటు పారే అతుకు ఒకటి సరిగా కుదరలేదు. అలాంటి అతుకులు ఆ వలయంలో సుమారు పది వేలు. వాటిలో ఒక్కటి! అది కరిగి, మెరుపులు లేచి, హీలియం గొట్టం చిల్లుపడింది. దాదాపు ఆరు టన్నుల హీలియం బయటికి తన్నుకొచ్చింది. టన్నుల బరువున్న అయస్కాంతాలు ఉన్నచోటి నుంచి కదిలిపోయాయి. 53 అయస్కాంతాల్ని పైకి తెచ్చి బాగుచేయాల్సి వచ్చింది.

ప్రపంచమంతా చూస్తుండగా జరిగిన పరాభవం. దాచిపెట్టలేదు. ఎక్కడ తప్పు జరిగిందో రాసి అందరి ముందూ పెట్టారు. పద్నాలుగు నెలల తర్వాత, 2009 నవంబరులో మళ్లీ నడిపారు. అదీ ముందు అనుకున్నదాంట్లో సగం శక్తితో. ఆ సగం శక్తితోనే మరో మూడేళ్లలో హిగ్స్ కణం ఉనికి తేలిపోయింది. ఆ తర్వాత రెండేళ్లపాటు ఆపి అతుకులన్నీ పటిష్ఠం చేశాక 2015లో శక్తిని దాదాపు రెట్టింపు చేశారు.

ఈ పనిలో ఒక్కరి పేరు చెప్పడం కష్టం. హిగ్స్ కణం బరువు ఎంతో తేల్చి 2015లో అట్లాస్, సీఎంఎస్ బృందాలు కలిసి అచ్చువేసిన పత్రంలో రచయితలు 5,154 మంది. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లూ, వాళ్లు పనిచేసే సంస్థలే! పెళ్లి శుభలేఖలో బంధువుల పేర్లు కూడా ఇంత పొడుగు ఉండవు. ఆ జాబితాలో ఎక్కడో ఓ మూల పేరున్నవారు పదేళ్లు ఒక తీగ, ఒక చిప్, ఒక లెక్క మీద కూర్చుని ఉంటారు. అది తమ తల్లిదండ్రులకు వివరించడం కూడా వాళ్లకు కష్టమే.

దొరికింది సరే... తర్వాత?

ఇక్కడే కథ కాస్త ఇబ్బందిగా మారుతుంది.

హిగ్స్ కణం దొరకడంతో స్టాండర్డ్ మోడల్ అనే పట్టికలో ఖాళీగా ఉన్న చివరి గడి నిండింది. పదార్థం దేనితో తయారైందో చెప్పే పట్టిక అది. అన్నీ సరిపోయాయి కదా, ఇంకేం అంటారా? ఆ పట్టిక చెప్పేది విశ్వంలో సుమారు ఐదు శాతం గురించే! ఓ పాతిక శాతానికి పైగా కృష్ణపదార్థం. అది నక్షత్ర మండలాల్ని లాగుతున్నట్టు తెలుస్తోంది కానీ ఏమిటో తెలియదు. మిగిలినదంతా విశ్వాన్ని విస్తరింపజేస్తున్న కృష్ణశక్తి. అదేమిటో అసలే తెలియదు. ఇంకో చిక్కుప్రశ్న... విశ్వం పుట్టినప్పుడు పదార్థం, దానికి వ్యతిరేక పదార్థం సమానంగా పుట్టి ఉండాలి. రెండూ కలిస్తే నశించాలి. మరి పదార్థం ఒక్కటే ఎలా మిగిలింది? మనం ఎలా మిగిలాం?

ఎల్‌హెచ్‌సీ మొదలైనప్పుడు, హిగ్స్‌తోపాటే మరికొన్ని కొత్త మూలకణాలు బయటపడతాయనీ, కృష్ణపదార్థం గుట్టు కూడా వీడుతుందనీ చాలామంది ఆశపడ్డారు. పడలేదు. క్వార్కులు రకరకాలుగా జతకట్టి ఏర్పడే కణాలు డెబ్బైకి పైగా కొత్తవి దొరికాయి. ప్రోటాన్ కుటుంబానికి చెందిన కణాల్లో పదార్థానికీ వ్యతిరేక పదార్థానికీ నడవడిలో తేడా ఉందని 2025లో తొలిసారి రుజువైంది. మంచి ఫలితాలే. కానీ పట్టికను దాటి అవతలికి తీసుకెళ్లే తలుపు మాత్రం తెరుచుకోలేదు.

తలుపు లేదని కాదు. ఇంత శక్తితో, ఇన్ని ఢీలతో కనిపించలేదని. అందుకే ప్రణాళిక ప్రకారం 2026లో ఎల్‌హెచ్‌సీని సుదీర్ఘంగా ఆపి, కొత్త అయస్కాంతాలు బిగించి, 2030లో మళ్లీ తిప్పాలి. మొదట అనుకున్నదానికి పదిరెట్ల సమాచారం రాబట్టడం గురి. ఆ తర్వాత పదేళ్లకు దాని ఆయుష్షు తీరుతుంది.

టెక్సాస్‌లో పూడ్చిన గొయ్యి

అన్ని సొరంగాలకూ ఇలాంటి అదృష్టం పట్టలేదు.

నిజానికి హిగ్స్ కణం అమెరికాలో దొరకాల్సింది. టెక్సాస్‌లో వాక్సహాచీ అనే చిన్న ఊరి చుట్టూ 87 కిలోమీటర్ల వలయం కట్టాలనుకున్నారు. పేరు సూపర్‌కండక్టింగ్ సూపర్ కొలైడర్. శక్తి ఎల్‌హెచ్‌సీకి దాదాపు మూడురెట్లు. ఊళ్లో కొందరి ఇళ్లూ పొలాలూ ప్రాజెక్టు కోసం తీసుకున్నారు. దేశదేశాల నుంచి శాస్త్రజ్ఞులు కుటుంబాలతో సహా వచ్చి స్థిరపడ్డారు. 20 కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వారు. సుమారు 200 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. ఈలోగా అంచనా వ్యయం రెట్టింపు దాటిపోయింది. దేశం అప్పుల్లో ఉంది. సోవియట్ యూనియన్ కూలిపోయింది కాబట్టి పోటీపడాల్సిన అవసరమూ తగ్గింది. 1993 అక్టోబరులో అమెరికా కాంగ్రెస్ ప్రాజెక్టును రద్దుచేసింది. దాదాపు రెండువేల మంది వీధినపడ్డారు. కొందరు బ్యాంకులకు లెక్కలు చేసిపెట్టే కొలువుల్లో చేరారు. తవ్విన సొరంగంలోకి దిగే గోతుల్ని పూడ్చేశారు.

సెర్న్ నిలిచింది, టెక్సాస్ కూలింది. ఎందుకు? ఒక కారణం తేలిగ్గానే కనిపిస్తుంది. సెర్న్ ఏ ఒక్క దేశానిదీ కాదు. రెండో ప్రపంచయుద్ధం ముగిసి పదేళ్లు కాకముందే, 1954లో, నిన్నటిదాకా ఒకరినొకరు చంపుకున్న దేశాలతో సహా 12 ఐరోపా దేశాలు తలా కొంత వేసుకుని పెట్టుకున్న ఉమ్మడి ఇల్లు అది. ఇప్పుడు సభ్యదేశాలు 25. ఒక దేశంలో ప్రభుత్వం మారినంత మాత్రాన దీపం ఆరిపోదు. రెండోది, సెర్న్ ఉన్న సొరంగాన్నే వాడుకుంది. లెప్ కోసం తవ్విన వలయంలోనే ఎల్‌హెచ్‌సీని అమర్చింది. పాత ఇంటి గోడల మీదే మేడ కట్టుకున్న సంసారిలా.

అలాగని ఆ ఇంటికీ బయటి గాలి తగలకుండా లేదు. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత రష్యాతో సెర్న్ ఒప్పందాలు 2024 నవంబరు 30తో ముగిసిపోయాయి. ఏళ్ల తరబడి పక్కపక్కనే పనిచేసినవాళ్లలో కొందరు సర్దుకుని వెళ్లిపోవాల్సి వచ్చింది.

మన చెయ్యీ ఉంది

సెర్న్ ఆవరణలో రెండు మీటర్ల ఎత్తు నటరాజ విగ్రహం ఉంది. 2004లో భారత ప్రభుత్వం ఇచ్చిన కానుక. సృష్టి, లయల నాట్యం, కణాల పుట్టుక, నాశనం... రెంటికీ పోలిక చూశారు. కానీ మనం ఇచ్చింది విగ్రహం ఒక్కటే కాదు. టన్నుల బరువున్న అయస్కాంతాల్ని వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబెట్టే జాకీలు సుమారు ఏడువేలు మన దేశంలోనే తయారయ్యాయి. ప్రోటాన్ల దారిని సరిదిద్దే చిన్న అయస్కాంతాలూ ఇక్కణ్నుంచి వెళ్లాయి. ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రం ఆ పనులు చూసింది. 2017 జనవరిలో భారత్ సెర్న్‌లో అసోసియేట్ సభ్యదేశమైంది.

మన సొంత కథ అంతకన్నా పాతది. చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గర్లోనే ఉన్న కోలార్ బంగారు గనుల్లో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, 1965లో మన టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు బ్రిటన్, జపాన్ సహచరులతో కలిసి వాతావరణంలో పుట్టే న్యూట్రినో కణాల జాడ పట్టారు. ప్రపంచంలో ఆ జాడ పట్టిన తొలి బృందాల్లో వాళ్లూ ఒకరు. గనుల కాలం చెల్లడంతో 1990ల తొలినాళ్లలో ఆ పరిశోధన కూడా ఆగింది.

ఆ దీపాన్ని మళ్లీ వెలిగించాలని తమిళనాడులోని తేని జిల్లాలో కొండ కింద న్యూట్రినో అబ్జర్వేటరీ తలపెట్టారు. 50 వేల టన్నుల ఇనుముతో అయస్కాంతం. సుమారు 1,500 కోట్ల రూపాయల ఖర్చు. 2015లో కేంద్రం అనుమతి ఇచ్చింది. కానీ చుట్టుపక్కల ఊళ్లలో భయం మొదలైంది. కొండను పేలుస్తారా? నీళ్లు ఏమవుతాయి? పడమటి కనుమల అడవి ఏమవుతుంది? ఆందోళనలు, కోర్టు కేసులు. అనుమతి ఇవ్వలేమని 2022లో తమిళనాడు ప్రభుత్వం సుప్రీంకోర్టుకు చెప్పింది. పని ముందుకు కదల్లేదు. ఈలోగా అదే ప్రశ్నకు జవాబు వెతికే ప్రయోగశాల చైనాలో తయారైంది. జూనో అనే ఆ కేంద్రం 2025 ఆగస్టులో పని ప్రారంభించింది.

ఇందులో ఎవరిది తప్పు అనేకన్నా, ఏం లోపించిందో చూడాలి. న్యూట్రినో కణాలు సూర్యుడి నుంచి క్షణక్షణం మన ఒంట్లోంచి కోట్లకొద్దీ దూసుకుపోతూనే ఉంటాయి, ఏ హానీ చేయవు. ఈ సంగతి శాస్త్రజ్ఞులకు తెలుసు. నీటి ఊట పోతే తిరిగి రాదన్న సంగతి ఊరివాళ్లకు తెలుసు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చేరేలోపే నమ్మకం తెగిపోయింది. కొండను తొలిచే యంత్రం కొనుక్కోవచ్చు. ఊరి నమ్మకం కొనుక్కోలేం.

దీంతో ఒరిగేదేంటి?

ఈ ప్రశ్న సామాన్యులే కాదు, చట్టసభలూ అడిగాయి. 1969లో అమెరికాలో ఫెర్మీల్యాబ్ కట్టేటప్పుడు, ఈ యంత్రం దేశ రక్షణకు ఏమైనా పనికొస్తుందా అని ఓ సెనేటర్ గుచ్చిగుచ్చి అడిగారు. దాని డైరెక్టర్ రాబర్ట్ విల్సన్ అవునని ఒక్కమాట అని ఉంటే సరిపోయేది. అనలేదు. దేశాన్ని కాపాడటానికి ఇది నేరుగా పనికిరాదు, కాపాడుకోదగ్గ దేశంగా నిలపడానికి మాత్రం పనికొస్తుందని చెప్పారు. నిధులు వచ్చాయి.

వేరే జవాబు కావాలంటే అదీ ఉంది. ప్రపంచమంతటా ఉన్న సెర్న్ శాస్త్రజ్ఞులు ఒకరి కాగితాలు ఒకరు చూసుకోవడానికి టిమ్ బెర్నర్స్ లీ 1989లో ఒక పద్ధతి ప్రతిపాదించారు. అదే వరల్డ్ వైడ్ వెబ్. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దాన్ని పైసా తీసుకోకుండా అందరికీ వదిలేసింది. ప్రపంచంలో 30 వేలకు పైగా కణ త్వరణ యంత్రాలు ఉన్నాయి. వాటిలో అత్యధికం ఆస్పత్రుల్లో, కర్మాగారాల్లో పనిచేస్తున్నాయి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో క్యాన్సర్ ఆస్పత్రిలో రేడియేషన్ ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్ ఈ కుటుంబానికి చెందిన చిన్న తమ్ముడే. 2019లో చెన్నైలో మొదలైన ప్రోటాన్ చికిత్సలో కణితిని కాల్చేది, ఎల్‌హెచ్‌సీలో తిరిగే ప్రోటాన్లలాంటివే.

కానీ ఇవన్నీ దారిలో ఏరుకున్న పండ్లు. ప్రయాణం వీటికోసం కాదు. ఆ మాట విల్సన్‌లా దాచకుండా చెప్పడమే మర్యాద. వెబ్ వచ్చింది కదా అని తర్వాతి యంత్రం నుంచీ అలాంటిదే వస్తుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు.

91 కిలోమీటర్ల ప్రశ్న

ఆ పూచీ లేకుండానే ఇప్పుడు పెద్ద నిర్ణయం తీసుకోవాలి. ఎల్‌హెచ్‌సీ తర్వాత ఏమిటి? ఫ్యూచర్ సర్క్యులర్ కొలైడర్ అంటోంది సెర్న్. చుట్టుకొలత 91 కిలోమీటర్లు. సగటున 200 మీటర్ల లోతు. జెనీవా సరస్సు కొసన నేలకింద నుంచి వెళ్తుంది. సాధ్యమేనా అన్న అధ్యయనం 2025 మార్చిలో బయటికొచ్చింది. మొదటి దశకే సుమారు 1,500 కోట్ల స్విస్ ఫ్రాంకులు. మన లెక్కలో లక్షన్నర కోట్ల రూపాయలకు పైమాటే! సభ్యదేశాలు 2028 ప్రాంతంలో అవుననో కాదనో తేల్చాలి. అవునంటే 2040ల చివర్లో మొదటి యంత్రం నడుస్తుంది. అది హిగ్స్ కణాల్ని లక్షల్లో పుట్టించి, నిశితంగా కొలుస్తుంది. అదే సొరంగంలో రెండో యంత్రం, ప్రోటాన్లను ఎల్‌హెచ్‌సీకన్నా ఆరేడు రెట్ల శక్తితో ఢీకొట్టించేది, 2070ల్లో.

కాదనేవాళ్లూ తక్కువేం లేరు. వాళ్లలో భౌతిక శాస్త్రజ్ఞులూ ఉన్నారు. హిగ్స్ కోసం వెతికినప్పుడు, ఫలానాచోట ఏదో ఒకటి ఉండి తీరాలని సిద్ధాంతం చెప్పింది. ఇప్పుడు అలాంటి హామీ ఏదీ లేదు కదా, అంత డబ్బు వాతావరణ మార్పుల మీద పెట్టొచ్చు కదా అని వాళ్ల వాదన. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ పల్లెల్లో రైతులూ అడుగుతున్నారు... తవ్విన మట్టి ఎక్కడ పోస్తారు, కరెంటు ఎంత తాగుతుంది, మా పొలాల్లో ఎంత పోతుంది? తేనిలో వినిపించిన గొంతులే జెనీవా పక్కనా వినిపిస్తున్నాయి. తేడా ఒక్కటే. అక్కడ ఇంకా తవ్వకం మొదలుకాలేదు. మాట్లాడుకోవడానికి సమయం ఉంది.

రెండువైపులా న్యాయం ఉంది. కానీ ఒక లెక్క మాత్రం తప్పదు. ఇలాంటి పని ఒక తరం ఆపేస్తే తర్వాతి తరం మళ్లీ ఉన్నచోటి నుంచి అందుకోలేదు. అతుకు ఎలా వేయాలో తెలిసిన చేతులు చెదిరిపోతాయి. టెక్సాస్‌లో జరిగింది అదే, కోలార్‌లో జరిగిందీ అదే. యంత్రం తుప్పు పడితే మార్చుకోవచ్చు. విద్య తుప్పు పడితే కష్టం.

హిగ్స్ 2024 ఏప్రిల్‌లో, 94వ ఏట కన్నుమూశారు. నోబెల్ ప్రకటించిన రోజున ఆయన మొబైల్ ఫోన్ లేకుండా భోజనానికి బయటికి వెళ్లారు. వీధిలో ఒకప్పటి పొరుగామె కారు ఆపి అభినందిస్తే, దేనికని అడిగారట! ఆ కణాన్ని దైవకణం అంటే ఆయనకు నచ్చేది కాదు. ఏడాదికి ఇన్ని పత్రాలు అచ్చువేయాలనే ఈకాలపు విశ్వవిద్యాలయంలో తనలాంటి నెమ్మదస్తుడికి ఉద్యోగమే దొరకదని కూడా ఆయనే అన్నారు.

91 కిలోమీటర్ల గీత గీస్తున్నవాళ్లలో చాలామంది, అందులో మొదటి ప్రోటాన్ తిరిగేనాటికి ఉండరు. ఆ యంత్రాన్ని నడపాల్సినవాళ్లు ఇంకా పుట్టలేదు. ఆ గీత వెయ్యాలా వద్దా అని ఇప్పుడు ఓటేయాల్సినవాళ్లకు మాత్రం పెంచాల్సిన పిల్లలున్నారు, కట్టాల్సిన పన్నులున్నాయి, ఎండిపోతున్న చెరువులున్నాయి. మామిడి టెంక పాతిన తాతకు కాయ తినే ఆశ ఉండదు. కానీ చెట్టుకు నీళ్లెవరు పోస్తారో ఆయన బతికుండగానే ఇంట్లో తేల్చుకోవాలి. సెర్న్ సభ్యదేశాల ముందున్నది ఇప్పుడు ఆ ఇంటి చర్చే.